గేదె మోసిన తిట్లు

నిన్న పొద్దున్న నేను ప్రెషర్ కుక్కర్ని తిట్టాను. అలా ఇలా కాదు, దాని వంశం మొత్తం ఎత్తి తిట్టాను. అది చేసిన నేరమల్లా విజిల్ వెయ్యకుండా మొరాయించడం. "ఎంతసేపు కాచుక్కూర్చోవాలే నీ కోసం? నాకింకేం పనుల్లేవనుకున్నావా? నీ దుంప తెగ" అని గరిటె ఎత్తేసరికి మా ఆయన పేపరు చేత్తో పట్టుకునే వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "ఎవరినీ?" అన్నారు. కుక్కర్ని అన్నాను. వెనకగది వైపు ఒకసారి చూసి, మళ్ళీ పేపరు చదువుకోడానికి వెళ్ళిపోయారు. వెనకగదిలో మా అత్తగారు ఉంటారు. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన దగ్గర్నుంచి ఆవిడకి కాలూ చెయ్యీ నేనే.

గరిటె కింద పెట్టి పీట మీద కూలబడ్డాను. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఎందుకంటే ఇలా తిట్టే మనిషిని నేనొకరిని ఎరుగుదును. ఆ తిట్టు కూడా ఆయనదే. ఇన్నేళ్ళూ నాకు తెలియకుండా నా నోట్లోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం ఆగలేక, మేం కొత్తకాపురం పెట్టిన ఊరికి ఫోన్ చేశాను. మేం అద్దెకున్న ఇంటి ఇంటావిడ ఇంకా గట్టిగానే ఉంది, గొంతు మునుపటిలాగే వీధి చివరికి వినపడేట్టుంది. "ఎదురింటి బాబాయిగారు ఎలా ఉన్నారండీ?" అని అడిగాను. "అయ్యో, నీకు తెలీదా అమ్మా, మొన్న చలికాలంలో పోయాడుగా. అరుగు మీద కూర్చుని టీ తాగుతా అలాగే వాలిపోయాడు. పడుకున్నాడనుకున్నాం. ఎవర్నీ ఒక్క పూట కూడా చాకిరీ చెయ్యనివ్వలేదు" అంది. పిన్నిగారు, అంటే ఆయన భార్య, అంతకు చాలా ఏళ్ళ ముందే పోయారు. ఆ సంగతి నాకు తెలుసు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆ వీధిలో మిగిలినవాళ్ళంతా మా పేర్లేం పాపం చేశాయని పోట్లాటకొస్తారు.

తొంభైల చివర్లో మా ఆయనకి ఆ ఊరి హైస్కూల్లో ఉద్యోగం. రావులపాలెం నుంచి కాలవగట్టు మీదుగా ఆటోలో వెళ్ళాలి. నేను కొత్తగా కాపురానికి వెళ్ళినదాన్ని, వంట రాదు, నోరు మాత్రం బాగా వచ్చు. మా అరుగు మీద నిలబడితే ఎదురింటి సావిడి మొత్తం కనిపించేది. బాబాయిగారికి ఊరి బయట అరటితోట, ఇంటి వెనక పాకలో ఒక గేదె. పిల్లల్లేరు. నేను వెళ్ళేనాటికి ఆ ఇంట్లో మాటలన్నీ పిన్నిగారివే. ఆవిడ మాట్లాడుతూనే ఉండేది, ఆయన ఊఁ కొడుతూనే ఉండేవాడు. ఓ రోజు పొద్దున్న బావి దగ్గర బిందె ఎత్తుతూ ఎత్తుతూ పడిపోయింది. పక్షవాతం. కుడివైపు కాలూ చెయ్యీ పోయాయి. వాటితో పాటు మాట పోయింది.

రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. వ్యాను వచ్చి ఆగింది, వీధంతా చేరింది. మనిషిని దింపడమెలా అని నలుగురూ నాలుగు సలహాలు చెబుతున్నారు. మంచం తెమ్మని ఒకరు, కుర్చీ తెమ్మని ఒకరు. బాబాయిగారు అవేమీ వినిపించుకోలేదు. భుజం మీద తువ్వాలు మడతపెట్టి వేసుకున్నాడు, వంగాడు, పిన్నిగారిని అమాంతం ఎత్తి అరటి గెలని వేసుకున్నట్టు భుజానికి వేసుకున్నాడు. చిన్నప్పట్నుంచీ గెలలు మోసిన మనిషి. దెబ్బ తగలకుండా మొయ్యాలంటే ఆయనకి తెలిసిన పద్ధతి అదొక్కటే. పిన్నిగారి తల ఆయన వీపు వైపు వేలాడింది, జడ నేలకి రాసింది. మా ఇంటావిడ "ఓరి నీ సంబడం, అది నీ పెళ్ళాం నాయనా, చక్రకేళి గెల కాదు" అని అరిచింది. వీధంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యలో వింతగా ఇంకో శబ్దం వినిపించింది. పిన్నిగారు నవ్వుతోంది, తలకిందులుగా, సగం నోటితో. ఆసుపత్రిలో అన్నాళ్ళున్నా ఆవిడ నోట్లోంచి శబ్దం రాలేదట. బాబాయిగారు గుమ్మంలో అలాగే ఆగిపోయాడు. ఆ మోత మోస్తూనే "నవ్విందండీ" అని మా అందరితో చెప్పాడు.

ఎత్తడం తర్వాత నేర్చుకున్నాడు. అన్నీ అలాగే, ముందు తప్పు చేసి తర్వాత నేర్చుకున్నాడు. మొదట్లో తలకి నూనె రాసి దువ్వితే సగం జుట్టు దువ్వెనకే వచ్చేది. చీర కట్టబోయి కుచ్చిళ్ళు వెనక్కి పెట్టేవాడు. ఆవిడ ఎడం చేత్తో పీకి పారేసేది, ఆయన మళ్ళీ మొదలెట్టేవాడు. ఎండాకాలం వస్తే తోట నుంచి లేత అరటాకులు కోసుకొచ్చి, ఈనె తీసేసి, ఆవిడ వీపు కింద పరిచేవాడు. ఆకు వాడగానే మార్చడం, ఆవిడని పక్కకి తిప్పడం. "ఒక పక్కే ఉంచేస్తే పండైనా నల్లబడిపోద్ది కదమ్మా" అనేవాడు.

అన్నం పెట్టేటప్పుడు చూడాలి. మెత్తగా పిసికి, చిన్న చిన్న ముద్దలు చేసి, ఒక్కో ముద్దకీ ఒక్కో పేరు పెట్టేవాడు, పసిపిల్లలకి పెట్టినట్టు. "ఇది మీ అన్నయ్య ముద్ద. ఇది ఎదురింటి మాస్టారమ్మ ముద్ద." నా ముద్ద ఆవిడ తినేది. "ఇది మీ వదిన ముద్ద" అనగానే పెదాలు బిగించేసేది. ఎంత బతిమాలినా తెరిచేది కాదు. ఆడపడుచూ వదినల మధ్య ఏం జరిగిందో నాకు తెలీదు గానీ, కాలూ చెయ్యీ మాటా పోయినా ఆ పంతం మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన నా వైపు తిరిగి "చూశావామ్మా, మనిషి లోపల పూర్తిగానే ఉంది" అని కన్ను గీటేవాడు.

అయితే ఆవిడ మింగడానికి చాలాసేపు పట్టేది. నోట్లో ముద్ద నోట్లోనే ఉండేది. తొందరపెడితే పొరబోయేది, పొరబోతే కళ్ళు తేలేసేది. నేనైతే చూడలేక లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆయన ముద్ద చేత్తో పట్టుకుని, చెయ్యి అలాగే గాల్లో ఉంచి, ఎదురు చూసేవాడు. పూటపూటా, రోజూ. గట్టిగా ఒక్క మాటన్నది నేను వినలేదు.

ఆవిడ మీద పడని మాటలన్నీ గేదె మీద పడేవి.

ఆవిడకి అన్నం పెట్టి, మూతి తుడిచి, కుడితి బాల్చీ పట్టుకుని పాకలోకి వెళ్ళాడంటే మొదలు. "ఎంతసేపే తాగడం? గుక్క గుక్కకీ ఓ పూట చెయ్యాలా నేను? మింగవే తల్లీ. నీ దుంప తెగ, నోట్లోనే పెట్టుక్కూర్చుంటే నేనెలా చచ్చేది? ఇందాకే కదే శుభ్రం చేశాను, అప్పుడే మళ్ళీనా? నీ అంతట నువ్వు పక్కకి తిరగలేవూ? ప్రతిదానికీ నేనే రావాలా? నా ప్రాణానికి దాపురించావు గదే." కాలవ అవతలి గట్టుకి వినపడేది. మా వీధికి అదో వేడుక. పిల్లలు బడికెళ్తూ ఆగి విని, ఒకళ్ళనొకళ్ళు అలాగే తిట్టుకుంటూ పోయేవాళ్ళు. గేదె మాత్రం మహా సాధువు. అంతా విని, చెవులు ఓసారి ఆడించి, మళ్ళీ నెమరేసుకునేది.

నేనూ అందరిలాగే నవ్వేదాన్ని. ఓ రోజు అరుగు మీద పక్కపక్కన కూర్చుని మల్లెపూలు కడుతున్నాం, మా ఇంటావిడా నేనూ. అటువైపు నుంచి తిట్లు మొదలయ్యాయి. నేను నవ్వుతుంటే ఆవిడ దారం ముడేస్తూ తలెత్తకుండా అంది: "నవ్వకమ్మా. గేదెక్కడైనా గుక్క గుక్కగా తాగుద్దా? మూతి పెట్టిందంటే తొట్టి ఖాళీ. పక్కకి తిరగలేకపోడానికి దానికేం రోగం?" అప్పుడు గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఆ తర్వాత ఆ తిట్లు వినిపిస్తే నా నవ్వు సగంలో ఆగిపోయేది. మనిషి తన కోపాన్ని మూటగట్టుకుని, సావిట్లోంచి పెరట్లోకి జాగ్రత్తగా మోసుకెళ్ళి, ఏమీ అర్థం కాని గేదె ముందు దింపి, ఖాళీ చేతులతో మళ్ళీ పెళ్ళాం దగ్గరికి వెళ్ళడం. అంత బరువు ఏ గెలా ఉండదు.

ఊళ్ళో ఆయనకి పెద్ద పేరొచ్చేసింది. "దేవుడండీ, మొగాడై ఉండి ఎంత సేవ" అని దారినపోయేవాళ్ళు కూడా చేతులు జోడించేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఆడది చేస్తే అది ఇంటిపని, మొగాడు చేస్తే పురాణం. ఆ మాట పైకే అనేదాన్ని, మా ఆయన "నెమ్మదిగా" అనేవారు. వినాయకచవితి పందిట్లో కుర్రాళ్ళు సన్మానం పెట్టారు. ఆదర్శ భర్త అని మైకులో చెప్పి, స్టేజి ఎక్కించి, శాలువా కప్పబోయారు. బాబాయిగారు ఆ శాలువాని చేత్తో ఆపాడు. మైకు దగ్గరికి వెళ్ళాడు. మైకులో మాట్లాడ్డం అలవాటు లేదు, చాలా దగ్గరగా పెట్టుకున్నాడు.

"మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు అన్నీ మా ఆవిడే చేసిందండి. చాలా ఏళ్ళు చేసింది. ఎత్తింది, కడిగింది, తినిపించింది, తిట్లు తింది. అప్పుడు మనూళ్ళో శాలువాలు దొరికేవి కావా అండి?" అన్నాడు. శాలువా పట్టుకున్న కుర్రాడు దాన్ని వెనక దాచుకున్నాడు. అది చూసి, "మీ తప్పేం లేదు లెండి. నేనూ చూళ్ళేదు. నేను ముందు సావిట్లో పేపరు చదువుకునేవాణ్ణి. లోపల ఇంత పనుంటదని ఇప్పుడు తెలిసింది" అని చెప్పి స్టేజి దిగిపోయాడు. ఆ రాత్రి ఆ మాట గురించి ఏ ఇంట్లో ఏం గొడవలైనాయో గానీ, మర్నాడు పొద్దున్న మా వీధి మొగాళ్ళు ఆయనకి ఎదురుపడకుండా తప్పించుకు తిరిగారు. నేను మాత్రం ఆయన అరుగు మీదికి వెళ్ళి కావాలని ఓ గ్లాసు పాయసం ఇచ్చి వచ్చాను.

పేరొచ్చింది గానీ మనిషి అరిగిపోతున్నాడు. నడుం పట్టేసింది. ఆవిడని ఎత్తేటప్పుడు పంటి బిగువున నొప్పి ఆపుకుంటుంటే మెడ మీద నరాలు కనిపించేవి. కుళాయి కింద బిందె పెట్టి, నిండి పొర్లిపోతున్నా అలాగే చూస్తూ నిలబడేవాడు. గడ్డం మాసి, చొక్కా గుండీలు ఒకటి దాంట్లో ఒకటి పెట్టుకుని తోటకి బయల్దేరి, సగం దారిలో ఎందుకొచ్చానో మర్చిపోయానని వెనక్కి వచ్చేవాడు. "ఎవరినైనా సాయం పెట్టుకోండి బాబాయిగారూ" అంటే "ఆవిడ ఎవర్ని పెట్టుకుందమ్మా?" అనేవాడు. అదొక అప్పులాగా తలకెత్తుకున్నాడు, ఎవరినీ ఒక చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఆయన పడిపోతే ఆవిడ గతేంటి అన్నది మా వీధిలో అందరి భయం. ఆ ఇంట్లో ఇంకో మనిషి లేడు.

అందుకని అందరం కలిసి ఓ మంచి సలహా ఇచ్చాం. గేదె ఒట్టిపోయింది, పాలు లేవు, దానికి గడ్డి కొయ్యడం, కడగడం, పాకలో పేడ ఎత్తడం దండగ చాకిరీ, అమ్మెయ్యండి అన్నాం. తిట్ల సంగతి తెలిసిన మా ఇంటావిడకీ నాకూ కూడా అప్పుడది తట్టలేదు. పల్లెటూళ్ళో ఎవరికైనా తోచేది అదే, మనిషికి తీరిక లేకపోతే ముందు గొడ్డుని వదిలించుకుంటాం. ఆయన కాస్త తటపటాయించి, సంతకి తోలించేశాడు. పాక ఖాళీ అయింది. వీధి నిశ్శబ్దమైపోయింది. పని తగ్గింది, హాయిగా ఉన్నాడని అనుకున్నాం.

వానాకాలం, మధ్యాహ్నం భోజనాల వేళ. మబ్బు పట్టి ఉంది. నేను అరుగు మీద చాటలో బియ్యం ఏరుతున్నాను. "ఎంతసేపే? మింగవే, నీ దుంప తెగ, మింగు" అని కేక వినిపించింది. అలవాటు కొద్దీ నా పెదాల మీదికి నవ్వొచ్చేసింది. తలెత్తి చూస్తే మా ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఉంది, మొహం పాలిపోయి. గేదె లేదుగా.

కంచం నేల మీద పడ్డ చప్పుడైంది. ఒక్కో గుమ్మంలోంచీ ఒక్కో మనిషి బయటికి వచ్చారు, ఎవరూ అడుగు ముందుకి వెయ్యలేదు. మొగుడూ పెళ్ళాల మధ్యకి వెళ్ళకూడదని మన ఊళ్ళల్లో ఒక నియమం ఉంది కదా, దాని పేరు చెప్పుకుని ఎన్నిటినో చూడనట్టు ఊరుకుంటాం. అంతలో బాబాయిగారే బయటికి వచ్చాడు. చేతికి అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. అరుగు దిగి, నడివీధిలోకి వచ్చి నిలబడ్డాడు.

"అందరూ విన్నారు కదండీ" అన్నాడు. "తిట్టింది ఆవిడనే. చెయ్యి కూడా ఎత్తాను. కొట్టలేదు, దింపేశాను. మళ్ళీ ఎత్తితే దింపుతానో లేదో నాకు తెలీటం లేదండి. నా మీద నాకు నమ్మకం పోయింది. ఎవరైనా లోపలికెళ్ళి ఆవిడకి ఇంత అన్నం పెట్టండి. నన్ను మాత్రం కాసేపు లోపలికి రానివ్వకండి."

నేను చాలామంది మొగాళ్ళని చూశాను. పెళ్ళాన్ని కొట్టి, తలుపేసుకుని, సాయంత్రానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని పేకాటకి వెళ్ళినవాళ్ళని చూశాను. కొట్టకముందే నడివీధిలోకి వచ్చి, నన్ను ఆపండి అని ఊరిని అడిగిన మొగాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను. దేవుడన్న ఊళ్ళోనే ఆ మాట చెప్పుకున్నాడు. పరువన్నది నేల మీద పెట్టి ఇదిగో తీసుకోండి అన్నట్టుంది. నాకు అప్పుడు దండం పెట్టాలనిపించింది. పందిట్లో పెట్టనిదాన్ని.

మా ఇంటావిడే ముందు కదిలింది. చెంగు బొడ్లో దోపుకుని "దా అమ్మాయ్" అని నన్ను లాక్కుపోయింది. లోపల పిన్నిగారు దిండుకి జారగిలబడి ఉంది. గడ్డం మీదా చీర మీదా మెతుకులు. "ఏడవకే, ఏడవకే" అంటూ మా ఇంటావిడ తుడవబోయింది. పిన్నిగారు ఏడవటం లేదు. ఆవిడ కళ్ళలో ఉన్నది నిప్పులాంటి కోపం. అది చూసి నాకెందుకో ధైర్యం వచ్చింది.

ఆ సాయంత్రమే మా అరుగు మీద పంచాయితీ జరిగింది. ఎండాకాలంలో కాలవకి నీళ్ళు తక్కువొదిలితే రైతులు పొలాలకి వంతులు వేసుకుంటారు, ఈ పూట నీ చేను, రేపు నా చేను అని. ఎవరి వంతులో వాళ్ళే తూము దగ్గర కూర్చుంటారు, మిగిలినవాళ్ళు ఇంటికెళ్ళి పడుకుంటారు. అదే లెక్కన మా ఇంటావిడ వీధిలో ఆడవాళ్ళకి వంతులు పంచేసింది. పొద్దుటి స్నానానికి ఎవరు, మధ్యాహ్నం అన్నానికి ఎవరు, సాయంత్రం కూర్చునేది ఎవరు. బాబాయిగారు "మీకెందుకండీ శ్రమ" అని నసిగితే ఆవిడ ఒక్క కసురు కసిరింది. "నీ తోట ఎండిపోతుంటే నీళ్ళు తీసుకున్నావా లేదా? అప్పుడు సిగ్గనిపించిందా? నోర్మూసుకుని కూర్చో." ఆయన నోర్మూసుకుని కూర్చున్నాడు. ఎత్తడానికి బరువైతే మొగాళ్ళని కేకేసేవాళ్ళం. పందిట్లో మాటలు పడ్డవాళ్ళే వచ్చి, తల వంచుకుని ఓ చెయ్యి వేసి వెళ్ళేవాళ్ళు.

ఆయనకి తీరిక దొరికింది గానీ దాంతో ఏం చెయ్యాలో తెలీలేదు. "ఇప్పుడెక్కడికెళ్ళాలమ్మా?" అని నన్నడిగాడు, తప్పిపోయినవాడిలా. కాలవ మీది లాకుల దాకా నడిచి రండి అన్నాను. వెళ్ళి, లాకుల గోడ మీద కూర్చుని, నీళ్ళకేసి చూసి వచ్చేవాడు. ఓ మధ్యాహ్నం మా అరుగు మీదే కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోయాడు. గురకపెడుతుంటే వీధిలో సైకిల్ బెల్లు కూడా కొట్టనివ్వలేదు మేం.

అంతా దారిలో పడింది, ఒక్కటి తప్ప. పిన్నిగారు ఆయన చేతి ముద్ద ముట్టడం మానేసింది. మా అందరి చేతా తినేది. ఆయన కంచం పట్టుకుని వస్తే మొహం గోడకి తిప్పేసేది. పేర్లు పెట్టినా, బతిమాలినా, పెదాలు విప్పేది కాదు. ఆయన కంచం మా చేతికి ఇచ్చేసి, గుమ్మం బయట నిలబడి ఆవిడ తింటున్న చప్పుడు వినేవాడు. నాకు అది చూడటం ఆ తిట్లు వినడం కన్నా కష్టంగా ఉండేది.

ఈ లోపల కబురు మొగల్తూరు చేరిపోయింది. ఆ పక్కనే పిన్నిగారి అన్నయ్యకి రొయ్యల చెరువులు. చెల్లెల్ని కొడుతున్నాడని ఎవరు చేరవేశారో గానీ, వ్యాను కట్టించుకుని, దాంట్లో పరుపు వేయించుకుని, తెల్లారేసరికి బయల్దేరి వచ్చేశాడు. మనిషి మంచివాడే. చెప్పులు కూడా విడవకుండా సావిట్లోకి వచ్చి "ఏంటి బావా, కొట్టావంట?" అన్నాడు. మా ఇంటావిడ అడ్డం పడబోయింది. బాబాయిగారు చెయ్యి చూపించి ఆపాడు.

"తిట్టాను బావా. కొట్టలేదు. కొట్టేవాణ్ణేమో."

"అయితే తీసుకెళ్ళిపోతాను."

"తీసుకెళ్ళు. కానీ ఆవిణ్ణి అడుగు. మంచంలో ఉంది గానీ, మనిషుందిగా."

బాబాయిగారు ఆ మాటన్నాడు గానీ, ఆవిణ్ణి అడిగేదాకా ఆగలేదు. బీరువా తెరిచి ఆవిడ చీరలు తీసి సంచిలో సర్దడం మొదలుపెట్టాడు. ఆవిడ ఉండదని ఆయనకి ఖాయమైపోయింది. చేతులు సర్దుతూనే ఉన్నాయి, నోరు చెబుతూనే ఉంది. "ముద్ద ఎడం పక్క పెట్టాలి బావా. కుడి పక్క పెడితే బుగ్గలోనే ఉండిపోద్ది. మంచినీళ్ళు ఒక్కసారి పొయ్యకూడదు. పడుకోబెట్టినప్పుడు మడమల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. రేడియో పెట్టండి, ఊరుకుంటే దిగులు పడుద్ది. కోపం వస్తే ఎడం చేత్తో విసిరేస్తది, ఏమీ అనకండి." పిన్నిగారు గోడకి తిరిగే ఉంది. వింటోందని ఆవిడ మెడని చూస్తే తెలుస్తోంది.

అన్నయ్య మంచం పక్కన కూర్చుని, ఆవిడ తల మీద చెయ్యి వేసి "వెళ్దామా అమ్మడూ మనింటికి?" అన్నాడు.

పిన్నిగారు నెమ్మదిగా ఇటు తిరిగింది. ఎడం చెయ్యి ఎత్తి, వేళ్ళు ఆడించి, బాబాయిగారిని రమ్మని పిలిచింది. ఆయన సంచి వదిలేసి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇంకా దగ్గరికి రమ్మంది. మొహం ఆవిడ మొహం దగ్గర పెట్టాడు. తల నిమురుతుందనుకున్నాను నేను. మా ఇంటావిడ అప్పటికే చెంగుతో కళ్ళొత్తుకోడానికి సిద్ధంగా ఉంది.

ఫెళ్ళుమని ఒక్కటి కొట్టింది.

ఆ ఒంట్లో అంత బలం ఉందని మాకెవరికీ తెలీదు. ఆయన చెంప మీద వేళ్ళు తేలాయి. కదల్లేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, రెండో దానికి కూడా సిద్ధమే అన్నట్టు అలాగే ఉన్నాడు. వాళ్ళన్నయ్య లేచి నిలబడి "ఇంకేం అడగాలి బావా?" అని సంచి తీసుకున్నాడు. పిన్నిగారు అదే చెయ్యి చాచి, ఆ సంచి పట్టీ దొరకబుచ్చుకుని, గట్టిగా తన వైపు లాక్కుంది. పెద్దమనిషి తూలి, వదిలేశాడు. సంచి ఆవిడ చంక కిందికి చేరింది. ఆవిడ అన్నయ్యకేసి చూడలేదు. మొగుడికేసి చూసి, వంకరగా, సగమే, నోరు తెరిచింది.

ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక లేచి దొడ్లోకి పరుగెత్తి చెయ్యి కడుక్కుని వచ్చాడు. మా ఇంటావిడ కంచంలో అన్నం పెట్టి ఇచ్చింది. ముద్ద చేసి, ఎవరి పేరూ చెప్పకుండా, ఎడం పక్కన పెట్టాడు. ఆవిడ నోరు మూసుకుంది. మింగడానికి ఎప్పటిలాగే చాలాసేపు పట్టింది. వ్యానువాడు బయట హారన్ కొడితే వాళ్ళన్నయ్యే కిటికీలోంచి ఆగమని సైగ చేశాడు. మేమందరం నిలబడి ఎదురు చూశాం.